చల్ గాడీలో చీపురాయన

మల్లేశు ఊరికే నివ్వెరపోయే మనిషి. ఊళ్ళో వంతెన కూలిందంటే "అలాగా" అంటాడు, ఉల్లిపాయల ధర చెబితే తలూపి ఊరుకుంటాడు గాని, ఫోన్లో ఆడుకునే గేములోకి కొత్త లారీ వచ్చిందంటే మాత్రం గుండె మీద చెయ్యేసుకుని "ఏటీ!" అంటాడు. ఇష్టమైన వెబ్ సిరీస్‌లో కుర్రాళ్ళిద్దరూ ఒక ఎపిసోడ్ చివర తిట్టుకుని విడిపోతే ఆ పూట అతనికి అన్నం సయించలేదు. వచ్చే వారం మళ్ళీ కలుస్తార్రా బాబూ అని పక్కగది హరీష్ ఎంత చెప్పినా వినలేదు. "నిజంగానే తిట్టుకున్నారు. ఆల్ల కళ్ళు సూసేవా నువ్వు?" అని వాదించాడు.

వాళ్ళది కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో కార్పొరేషన్ క్వార్టర్లు. ఒక గది, దాని ముందు ఎప్పుడూ బట్టలు ఆరుతూ ఉండే వరండా. అందులో మల్లేశూ, వాళ్ళమ్మ అప్పమ్మా. మల్లేశు తాత పలాస నుంచి వచ్చి ఈ ఊళ్ళో చీపురు పట్టాడు. ఆ చీపురు కొడుకు కోదండం చేతికి వచ్చింది, కోదండం పోయాక మల్లేశు చేతికి వచ్చింది. తెల్లారగానే పీక ఊదుకుంటూ, చెత్తబండి తోసుకుంటూ సందులన్నీ తిరుగుతాడు. వెనకాల హారన్ మోగితే గోడకి అతుక్కుని దారిస్తాడు. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, స్నానం చేసి, తిని, కాసేపు నడుం వాల్చి లేచాడంటే ఇక ఆ సాయంత్రం ఫోనుదే.

హరీష్‌ది పంపింగ్ స్టేషన్లో పని. ఇద్దరూ వరండాలో మూరీ, అంటే మరమరాల పొట్లం మధ్యన పెట్టుకుని కూర్చుంటే, వీళ్ళని అడక్కుండా ప్రపంచంలో గేములెలా తయారవుతున్నాయా అనిపిస్తుంది వినేవాళ్ళకి. హరీష్‌కి తుపాకుల గేములంటే ప్రాణం. మల్లేశుకి అవి గిట్టవు. "ఆ గేములో ఎవడికీ ఆకలెయ్యదు, ఎవడికీ డ్యూటీ ఉండదు. అందరూ తోచక సచ్చిపోతంటారు. అదేం గేమురా?" అంటాడు. "నీ బండి గేములో మాత్రం పెట్రోలు అయిపోద్దా? పోలీసోడు సెయ్యి సాపుతాడా?" అని హరీష్ అందుకుంటాడు. దానికి మల్లేశు దగ్గర ఒకటే జవాబు. "పొద్దుట్నించీ బళ్ళకి నాను దారిచ్చినాను. సాయంత్రం బళ్ళు నాకు దారియ్యాల. అంతే."

అతను ఆడే బండి గేము పేరు చల్ గాడీ. న్యూ టౌన్‌లో ఏదో చిన్న కంపెనీ చేసింది. అందులో ఉన్నది కలకత్తాయే. పసుపు టాక్సీ, ట్రాము పట్టాలు, చేపల బజారు, రోడ్డుకి అడ్డంగా పడుకున్న కుక్క, అన్నీ ఉంటాయి. కూరల బుట్టలు పడగొడితే పాయింట్లు పోతాయి, తోటి బండిని దాటితే వస్తాయి. పోయేదీ వచ్చేదీ ఏమీ లేకపోయినా ఆడే ప్రతివాడూ చేసే పని ఇంకొకటుంది. సందు మొగలో ఒక చీపురాయన ఊడుస్తూ ఉంటాడు. గళ్ళ చొక్కా, గుబురు మీసం. బండితో అతన్ని గుద్దితే ఎగిరి అల్లంత దూరాన పడి, లేచి, దులుపుకుని, మళ్ళీ ఊడవడం మొదలుపెడతాడు. కుర్రకారు అతనికి ఝాడూ దాదా, అంటే చీపురన్న, అని పేరు పెట్టారు.

ఝాడూ దాదాకి అంత పేరు తెచ్చింది "దుయి గాధా" అనే వెబ్ సిరీస్. దుయి గాధా అంటే రెండు గాడిదలు. ఇద్దరు బెంగాలీ కుర్రాళ్ళు గేములాడుతూ, ఆడుతున్నంతసేపూ ఒకణ్ణొకడు ఏడిపించుకుంటూ ఉంటారు. ఒక ఎపిసోడ్లో ఝాడూ దాదాకి పెళ్ళిచూపులు పెట్టారు. ఇంకోదాంట్లో ఎన్నికల్లో నిలబెట్టారు. "పడేస్తే లేస్తాడు, మీ ఓటు ఆయనకే" అని వాళ్ళు అరిచినప్పుడు మల్లేశు మూరీ గొంతుకి అడ్డంపడి పొలమారేదాకా నవ్వాడు. ఆ ఇద్దరు కుర్రాళ్ళలో పొట్టివాడికి పెళ్ళయ్యాక కామెడీ పలచబడిందని అతనికి కొంచెం బాధ ఉంది గాని, ఝాడూ దాదా విషయంలో మాత్రం వంక లేదు. "ఈరో అంటే ఆడేరా. ఎంత గుద్దు, లెగిసి పని సేసుకుంటాడు. అచ్చం కార్పొరేషనోడే" అని పొంగిపోయేవాడు. ఊరంతా చెప్పుకునే మనిషి చేతిలో ఉన్నది తమ చీపురే కదా మరి. అందుకే ఏ రేసు మొదలుపెట్టినా ముందు ఝాడూ దాదాని ఒకసారి గుద్ది, బోణీ చేసుకుని బయల్దేరేవాడు. బోణీ చెయ్యని రోజు ఓడిపోయాడట. ఇదీ నమ్మకమేనా అంటే నమ్మకమే.

ఈ నవ్వుల్లో అప్పమ్మకి పాలు లేదు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ నవ్వొచ్చేవేవీ చూడడం మానేసింది. కోదండం పోయిన తీరు అలాంటిది. తెల్లవారుజామున డ్యూటీలోనే, టీ కొట్టుకి ఎదురుగా, ఊడుస్తున్నవాడు ఊడుస్తున్నట్టే పడిపోయాడు. గుండె ఆగిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఆ వేళ రోడ్డున పోయేవాళ్ళు తాగి పడ్డాడనుకుని పక్కనుంచి తప్పుకుని పోయారు. టీ కొట్టువాడు పొయ్యి రాజేసి తలెత్తి చూసేసరికి అయిపోయింది. అప్పటినుంచీ అప్పమ్మకి ఒకటే ప్రశ్న. టీ కొట్టువాణ్ణి అడిగింది, హాజరు వేసే బాబుని అడిగింది, కొడుకుని అన్నం పెట్టినప్పుడల్లా అడిగింది. "పడిపోనాక లెగడానికి సూసేడేట్రా?" ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరూ చూడలేదు. లేవబోయి లేవలేక చెయ్యి అందించేవాళ్ళ కోసం చూశాడేమోనన్న ఊహే ఆవిణ్ణి తినేస్తోంది. మల్లేశు మాత్రం ఆ ప్రశ్న వస్తుందని తెలియగానే కంచం పట్టుకుని వరండాలోకి పోయేవాడు.

కోదండం బతికుండగా జరిగిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పాలి. ఒకరోజు వాళ్ళకి పని పురమాయించే సర్దారు అతన్నీ ఇంకొకణ్ణీ ఎక్కడో దూరంగా ఒక షెడ్డుకి తీసుకెళ్ళాడు. అక్కడ కళ్ళద్దాల కుర్రాళ్ళు కోదండం ఒళ్ళంతా తెల్ల బిళ్ళలు అతికించి, చుట్టూ కెమెరాలు పెట్టి ఊడవమన్నారు. తర్వాత ఒక పరుపు మీద పడమన్నారు, లేవమన్నారు, మళ్ళీ పడమన్నారు. సాయంత్రం సందేశ్ మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చి, "బతుకంతా ఊడిసినోణ్ణి, నాకు పడీ లెగడం నేర్పినార్రా ఈయేల!" అని పడీపడీ నవ్వాడు. సినిమా అనుకున్నారందరూ. క్వార్టర్లలో కొన్నాళ్ళు అతన్ని హీరోగారూ అనే పిలిచారు. ఏ సినిమా రాలేదు. ఆ తర్వాత మనిషే పోయాడు, ఆ సంగతీ అతనితోనే పోయింది.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం. వాన జల్లు వరండాలోకి కొడుతుంటే మల్లేశూ హరీషూ లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నారు. అంతలో కరెంటు పోయింది. అప్పమ్మ బియ్యం ఏరుతోంది. గదిలో ఉన్న వెలుతురల్లా మల్లేశు ఫోనుదే కాబట్టి, చేట పట్టుకుని వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. "నీ ఆట నువ్వాడుకో, నాకు ఎలుతురు సాలు" అంది.

మల్లేశు రేసు పెట్టాడు. అలవాటు ప్రకారం సందు మొగలోకి పోనిచ్చి ఝాడూ దాదాని గుద్దాడు. అతను ఎగిరాడు, పడ్డాడు, లేచాడు.

చేటలో అప్పమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏట్రా అది?"

"గేమమ్మా. ఉత్తుత్తిది."

"మల్లీ సూపించు."

తల్లికి తన గేము నచ్చిందని మల్లేశు ఎంత సంబరపడ్డాడో! బండి వెనక్కి తిప్పి, ఈసారి ఇంకాస్త జోరుగా గుద్దాడు. "సూడు, సూడు, ఇప్పుడెలా లెగుత్తాడో" అన్నాడు. హరీష్ నవ్వాడు. అప్పమ్మ మొహం తెరకి ఆనేంత దగ్గరగా వంగింది. పడ్డ మనిషి ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించి లేచాడు. లేచి, ఎవరైనా చూశారేమోనని ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. చీపురు తిరగేసి నేలకేసి తట్టాడు. అప్పుడు మళ్ళీ ఊడవసాగాడు.

"మీ అయ్యరా" అంది అప్పమ్మ.

హరీష్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "పిన్నీ, ఆడు బొమ్మ. ఆ మీసం సూడు, బాబాయికి మీసమెక్కడిది?"

"మీసం ఎవలిదో. సొక్కా ఎవలిదో. లెగిసింది మీ బాబాయే." ఆవిడ గొంతు పెరగలేదు. "పడితే ఎడం సెయ్యే ఆనిత్తాడు. ఎవలైనా సూసీసినారేమో అని సిగ్గుపడి ఎనక్కి సూత్తాడు. పెల్లయిన కొత్తలో కొళాయి కాడ జారి పడ్డప్పుడు ఇలాగే సూసేడు. నాను నవ్వీసినాను."

మల్లేశుకి "ఏటీ" అన్న మాట నోట రాలేదు. పరుపు గుర్తొచ్చింది. తెల్ల బిళ్ళలు, మిఠాయి పొట్లం, నవ్వుతూ నడుం పట్టుకుని గోడకి జారగిలబడ్డ తండ్రి గుర్తొచ్చాడు. ఆ వేళ కెమెరాలు పట్టుకున్నది సినిమాకి కాదు, ఈ బొమ్మ పడి లేవడానికి. రోజూ బోణీ. రోజూ తన చేతుల్తోనే. పెళ్ళిచూపుల ఎపిసోడ్ ఎంతమందికి పంపాడో, ఓటు ఎపిసోడ్ చూసి ఎలా పొర్లి పొర్లి నవ్వాడో! ఊరు ఊరంతా మా అయ్యని గుద్ది నవ్వుకుంటోందే, అందరికంటే ముందు నేనే నవ్వానే అనుకున్నాడు. అంతకంటే భరించరానిది ఇంకొకటి ఉంది. అమ్మ ఒక్క చూపులో పట్టుకుంది. ఇన్నాళ్ళుగా చూస్తూ తను పోల్చుకోలేకపోయాడు. తండ్రి పక్కనే చీపురు పట్టి ఊడవడం నేర్చుకున్న కొడుకు!

హరీష్ నవ్వు ఎప్పుడు ఆగిందో తెలీదు. మెల్లగా చెయ్యి చాపి ఫోను తీసుకోబోయాడు.

"తీసేత్తానమ్మా" అన్నాడు మల్లేశు. ఎక్కడ నొక్కాలో తెలియక తెరంతా పొడుస్తున్నాడు. "ఈ గేమే తీసి పారేత్తాను. మల్లీ జన్మలో ఆడను."

అప్పమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. ఆవిడ కొట్టలేదు. చేట జారి బియ్యం నేల మీద ఒలికినా చూడలేదు. తెర మీదే ఉన్నాయి కళ్ళు.

"తియ్యకు" అంది. "ఇంకోపాలి గుద్దు."

"అమ్మా!"

"గుద్దరా. లెగుత్తాడు గదా."

మల్లేశు వల్ల కాలేదు. ఆవిడ వదల్లేదు. అతని బొటనవేలు మీద తన బొటనవేలు పెట్టి, తనకి తెలియని ఆ బొమ్మ మీటని అదిమి పట్టింది. బండి కదిలింది. ఊడుస్తున్న మనిషి ఎగిరి రోడ్డు మధ్యన పడ్డాడు. అప్పమ్మ రెండో చెయ్యి చాచి, లే అన్నట్టు అరచెయ్యి తెర ముందు పట్టుకుంది. అతను ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించాడు. మెల్లగా లేచాడు. వెనక్కి చూశాడు.

"లెగిసినాడు" అంది అప్పమ్మ. "మల్లీ గుద్దు."