అమ్మ చేతికిచ్చిన స్టీరింగు

గంజి పెట్టిన కొత్త చీరల వాసనకు పెట్రోలు వాసన తోడైతే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న పెదనాయన మనవరాలి పెళ్ళికని అమ్మను తీసుకుని పుత్తూరు వెళ్ళాను. కల్యాణ మండపం ముందు ఎవరో వ్యానులోంచి చీరల మూటలు దింపుతుంటే ఆ వాసన గుప్పుమంది. పెళ్ళికొచ్చి ఆ మొహమేమిటని చెల్లెలు గిల్లింది. ఆ మొహం ఊరికే వచ్చిందా?

మా నాయనది నగరిలో చీరల వ్యాపారం. డెబ్బైల చివర్లో ఆయన ఒక ఆసుపత్రివాళ్ళు వదిలించుకున్న పాత వ్యాను కొని, లోపల అటొకటి ఇటొకటి చెక్కబల్లలు బిగించాడు. పగలు వాటి మీద చీరలు పరిచి, రాత్రి వాటి మీదే మమ్మల్ని పడుకోబెట్టేవాడు. వెనక తలుపు దగ్గర పంపు స్టవ్వు, పైన కొక్కేనికి ఊగే లాంతరు, కిటికీలకు అమ్మ కుట్టిన పూల తెరలు, ఒక మూల మాగబెట్టిన మామిడికాయల గంప. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి, ఎండాకాలంలో తిరుపతి గంగమ్మ జాతర, మధ్యలో చిన్నాచితకా తిరునాళ్ళు, ఎక్కడికి పోయినా ఇల్లు మాతోనే వచ్చేది. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని అంబలి తాగి, బండి కదిలాక బల్ల మీద అచ్చనగాయలు ఆడుతుంటే, మలుపు రాగానే రాళ్ళన్నీ దొర్లిపోయి నేనూ చెల్లెలూ జుట్లు పట్టుకునేవాళ్ళం. ఇంజను తిప్పే ముందు నాయన బండి మొహాన్ని ఆవును నిమిరినట్టు నిమిరి "పదమ్మా" అనేవాడు. రాజుగారి రథమైనా మా బండి ముందు దిగదుడుపే.

ఒక ఏడు గంగమ్మ జాతరకు, అమ్మవారికి పెట్టే ఎర్ర చీరలు నిండుగా వేసుకుని బయలుదేరితే, పుత్తూరు దాటగానే ఇంజను పొగ కక్కి ఆగిపోయింది. నాయన కబురంపితే ఆయన అన్న, అదే మా పెదనాయన, తన లారీ తీసుకుని వచ్చాడు. బుగ్గన వక్క, భుజాన లావుపాటి మోకుతాడు. తిరుపతిలో మెకానిక్కు దాకా లాగిపారేస్తానన్నాడు. మోకు ఒక కొస లారీకి, ఇంకో కొస వ్యానుకు కట్టి, రెండు బండ్ల మధ్య మనిషి పడుకునేంత ఎడం కూడా వదలకుండా బిగించి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. భక్తికేం లోటు లేదు.

"బావా, ఎనకాల ఒక ఎర్రగుడ్డన్నా కడదాం. వచ్చే బండ్లోళ్ళకు తెలుస్తాది గదా" అంది అమ్మ.

"అమ్మోరి కోకను బండి తోకకు కడతారా ఎవురన్నా?" అని పెదనాయన పడీపడీ నవ్వాడు. బండినిండా ఎర్ర చీరలే! ఒక్క పేలిక చించడానికి ఆ మహానుభావుడికి మనసు రాలేదు.

లైసెన్సు ఉన్నది నాయనకు. లాగించుకునే బండిలో కూడా లైసెన్సు ఉన్నవాడే కూర్చోవాలి. అది చట్టం, చట్టం సంగతి తెలియకపోతే బుద్ధన్నా ఉండాలి. క్లీనరు రాలేదని పెదనాయన నాయనను లారీ ఎక్కించుకున్నాడు. "నువ్వు నా పక్కన కూసోని మోకు సూస్తా ఉండు. స్టీరింగు ఆయమ్మ పట్టుకుంటాది. లాగేది నా లారీ అయితే ఆమె తోలేదేముండాది? కింద దేనిమిందా కాలు పెట్టొద్దను" అన్నాడు. నాయన "అట్లే అన్నా" అన్నాడు. అమ్మ అంతవరకు సైకిలైనా తొక్కి ఎరగదు. వెనక బల్ల మీదున్న మమ్మల్నిద్దర్నీ దించాలని కూడా ఎవరికీ తోచలేదు.

వడమాలపేట దగ్గర రోడ్డు పల్లానికి దిగుతుంది. అక్కడ మేకల మంద అడ్డమొస్తే పెదనాయన లారీని ఉన్నపళంగా ఆపాడు. మోకు వదులైపోయి మా బండి తనంతట తానే లారీ మీదికి ఉరికింది. కాలు పెట్టొద్దన్నారు కాబట్టి అమ్మ బ్రేకు తొక్కలేదు. "ఓయమ్మో" అని అరిచి స్టీరింగును ఒక్క తిప్పు తిప్పింది. మోకు తెగింది. బండి రోడ్డు దిగి మామిడితోట గట్టుకు గుద్దుకుని ఒరిగిపోయింది. మేమిద్దరం చీరల కింద కూరుకుపోయాం, గీత కూడా పడలేదు. అమ్మ కుడి మణికట్టు విరిగింది. ఆమె అలా తిప్పకపోతే ముందుకు పొడుచుకొచ్చే ముక్కు లేని ఆ వ్యాను లారీ వెనక చెక్కలకు కొట్టుకునేది, మాకు అమ్మ మిగిలేది కాదు.

సైకిలు మీద వచ్చిన కానిస్టేబులు, స్టీరింగు ముందు ఎవరున్నారని అడిగాడు.

"వద్దొద్దని సెప్తానే ఉండాం సార్. ఇనకుండా ఈయమ్మే ఎక్కి కూసునింది" అన్నాడు పెదనాయన, వక్క నములుతూనే.

అమ్మ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నాయన వైపు చూసింది. "నువ్వన్నా సెప్పరాదా?" అంది. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అంతే.

బండి పాత ఇనుముకు పోయింది. నేరం అమ్మ మీద ఉండిపోయింది. పెళ్ళి కానీ, పేరంటం కానీ, చావు కానీ, మావాళ్ళు నలుగురు చేరితే చాలు, "ఆడదాని చేతికి బండిచ్చి బాగుపడినోడు యాడన్నా ఉండాడా?" అని ఎవరో ఒకరు మొదలుపెట్టడం, మిగతావాళ్ళు నవ్వడం. నాయన ఉన్నన్నాళ్ళూ ఆ నవ్వు విన్నాడు, నోరు విప్పకుండానే పోయాడు. నాయనంటే నాకు ప్రాణం. అయినా ఆ మౌనాన్ని నేను క్షమించలేదు, క్షమించను.

ఇప్పుడు ఆ పల్లం చదునై పెద్ద రోడ్డైంది. ఆగిన బండిని ఇనుప కమ్మీతో లాగుతారు, లేదంటే ఏకంగా లారీ మీదికే ఎక్కించుకుపోతారు. చీరలు పరిచిన బల్లల మీద పిల్లల్ని నిద్రపుచ్చుకుంటూ జాతరలు తిరిగే సంసారాలు ఎక్కడా కనబడవు. పెదనాయనా పోయాడు. ఆయన కొడుకున్నాడుగా! మొన్న పెళ్ళి పంక్తిలో, ఎదురుగా కూర్చుని, పిల్లలందరికీ వినబడేటట్టు, "మా పిన్నమ్మ స్టీరింగు పట్టినప్పుడు సూడాల్రా" అని ఎత్తుకున్నాడు.

విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను. ఎవరు కూర్చోబెట్టారో, ఎవరు కాలు పెట్టొద్దన్నారో, ఎవరు అబద్ధమాడారో, ఎవరు మొహం తుడుచుకున్నారో, చనిపోయినవాళ్ళు కదా అని కూడా చూడకుండా అన్నీ చెప్పాను. వడ్డించేవాళ్ళు గరిటెలతో అట్లాగే ఆగిపోయారు. చెల్లెలు నా కొంగు పట్టుకుని లాగింది.

అమ్మ వంకరగా అతుక్కున్న చేత్తో రసం కలుపుకుంటూ, తలెత్తకుండానే అంది:

"ఇంగా రొంత గట్టిగా సెప్పు పాపా. ఆ సివర కూసున్నోళ్ళకు ఇనపళ్ళేదంట."