కట్ట కింద ఎర్రనీళ్లు

మొన్న దేవరయాంజాల్ దిక్కున ఒక కుంట కట్ట కింద ఎర్రనీళ్లు ఊరుతుంటే చూశాను. నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగుకు అడ్డంగా గోడ కట్టారు. కట్టకు ముప్పని చెప్పబోతే, "ప్రైవేటు జాగ తాతా, నడువు నడువు" అన్నాడు కాపలావాడు.

నా చిన్నప్పుడు మా గుడిసె పటేలు సొంత కుంట కట్ట కిందే ఉండేది. ఆ జాగా కూడా ఆయనదే. కట్ట అడుగున ఊరే తేటనీళ్లు కట్టమైసమ్మ ఇచ్చినవని మా అవ్వ పసుపు చల్లి మొక్కేది. ఒక ముసురు పొద్దున ఆ నీళ్లు ఎర్రబడ్డాయి.

"అవ్వా, మైసమ్మ కుంకుమ కలిపింది!" అని గంతులేశాను.

"కుంకుమ గాదు బిడ్డా, కట్ట లోపలి మన్ను కొట్కొస్తాంది, ఇగ కట్ట తెగుతది" అంది అవ్వ.

నాయిన కట్ట మీదున్న పటేలు దగ్గరికి ఉరికాడు. నీళ్లు ఎక్కువ నిలవాలని అలుగుకు అడ్డం వేయించిన మట్టి బస్తాలు తీయించమని పటేలును బతిమాలాడు.

"కుంట నాది, కట్ట నాది. బుగులైతే గుడిసె లేపుకపో" అన్నాడు పటేలు.

ఎక్కడికి పోతాం? అప్పుడు అవ్వ జుట్టు విరబోసుకొని, కట్టెక్కి ఊగిపోయింది. "నా గొంతుల బస్తాలు కుక్కినవు గదరా! తీస్తవా, నీ ఇంటికి రావాల్నా?"

పటేలు చెంపలు వేసుకొని తానే బస్తాలు లాగాడు. అలుగు దుంకింది. సాయంత్రానికి ఊటనీళ్లు తేటబడ్డాయి. నేను అవ్వ కాళ్లకు మొక్కితే, "లే బిడ్డా, ఇంత గంజి పొయ్యి, గొంతెండింది" అంది.

ఆమెకు ఏ అమ్మా పూనలేదని తెలియడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.

ఇప్పుడు ఆ గోడ కట్టినవాడు ఏ అమ్మకు భయపడతాడో ఎవరైనా చెబితే, ఈ ముసలి ఒంటితో నేనే కట్టెక్కి ఊగుతాను.