అమావాస్య నాడు పెట్టిన సంతకం

మా పనికి పంచాంగం కావాలంటే ఎవరూ నమ్మరు. మిల్లుల్లో షార్ట్ అయితే కరెంటు తెంచే పెద్ద బ్రేకర్లను విప్పి, తుడిచి, పరీక్షించి మళ్లీ బిగించడం నా వృత్తి. అందుకు మిల్లు ఆగాలి. మిర్యాలగూడలో హమాలీలు అమావాస్య నాడు బస్తా ముట్టరు కాబట్టి మిల్లు ఆ రోజే ఆగుతుంది. కోదాడ మిల్లుదీ అదే లెక్క, సూర్యాపేటలోని పత్తి జిన్నింగుదీ అదే లెక్క. నెలంతా నా మొహం చూడని ముగ్గురు సేట్లు ఆ ఒక్క రోజు పొద్దున్నే వంతులేసుకుని ఫోన్ చేస్తారు. ముందు రోజో మరునాడో ఒక్క పూట ఇమ్మని బతిమాలితే, నడిచే మిల్లును ఆపితే లక్ష్మి అలుగుతుందని ఒకాయన నాకే బుద్ధి చెప్పాడు. కాలిపోతే అలగదు కాబోలు.

మొన్న యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో వచ్చిన అమావాస్య నాడు సూర్యాపేట పని పద్ధతిగా చేశాను. అక్కడే మధ్యాహ్నం దాటింది. కోదాడలో కొంత తొందరపడ్డాను. మిర్యాలగూడ చేరేసరికి సాయంత్రం అయిదు. పొద్దుగూకక ముందే బాయిలర్ ముట్టించాలని సేటు ప్యానెల్ గది గుమ్మంలో నిలబడి ప్రతి అయిదు నిమిషాలకూ వాచీ చూసుకుంటున్నాడు. బియ్యం మిల్లులో ఊక దుమ్ము పాత గ్రీజులో కలిసి బెల్లం పాకంలా గట్టిపడుతుంది. పైపైన తుడిచాను. చేత్తో బటన్ నొక్కితే బ్రేకర్ పడింది. కానీ చేత్తో నొక్కితే పడటం వేరు, ఎక్కడో షార్ట్ అయినప్పుడు దానంతట అది పడటం వేరు. ఆ రెండోది చూడాలంటే షార్ట్ అయినంత కరెంటు పంపే టెస్ట్ పెట్టె తగిలించి అరగంట కూర్చోవాలి. నేను కూర్చోలేదు. కార్డు మీద ‘ట్రిప్ టెస్ట్ ఓకే’ అని రాసి, సంతకం పెట్టి, ప్యానెల్ తలుపుకి అంటించాను. సేటు తొందరపెట్టాడని చెప్పుకోవచ్చు. కానీ ఆ ముక్క రాయమని ఆయన అడగలేదు.

పన్నెండో రోజు వడ్లు పైకెత్తే ఎలివేటర్ మోటారు కేబుల్ షార్ట్ అయింది. పడాల్సిన బ్రేకర్ పడలేదు. ప్యానెల్ సగం కాలింది, మిల్లు మొత్తం ఆగింది, తొట్లలో నానేసిన వడ్లు వాసన పట్టాయి. నన్ను పిలిపించారు.

ఆ మిల్లు ఎలక్ట్రీషియన్ నాకన్నా పెద్దవాడు. పాలకీడు నుంచి రోజూ బండి మీద వస్తాడు. వాళ్లింట్లో మిగతావాళ్లంతా గొర్లు కాసేవాళ్లే, ఉద్యోగమంటూ చేస్తున్నది ఆయనొక్కడే. నేను వెళ్లేసరికి సేటు ఆయన మీద విరుచుకుపడుతున్నాడు. సీజన్‌లో బ్రేకర్ ఊరికే పడుతోందని విసుగొచ్చి, పడకుండా అగ్గిపుల్ల ఇరికించడం మిల్లుల్లో పాత అలవాటు. ఈయన కూడా అదే చేశాడని సేటు అనుమానం. దానికి రుజువు నా కార్డే.

“ఈ సార్ సంతకం పెట్టిండు, మంచిగున్నదని. మంచిగున్న బ్రేకర్ ఎందుకు పడదు? నువ్వు పుల్ల పెట్టినవ్.”

నేను బ్రేకర్ విప్పి చూశాను. పుల్ల లేదు. బ్రేకర్‌ను పడేయాల్సిన మీట పాత గ్రీజులో అతుక్కుపోయి ఉంది. వేలితో నెట్టినా కదల్లేదు. ఏమైందని సేటు అడిగితే, ఇంటికి తీసుకెళ్లి చూసి చెప్తానన్నాను. రేపటి నుంచి పనికి రావద్దని ఆయన నా ఎదుటే ఎలక్ట్రీషియన్‌కు చెప్పాడు. నేను సామాన్లు సర్దుకున్నాను.

మరునాడు కోదాడ పరిగెత్తాను. కరెంటోళ్ల తనిఖీ ఉందని అబద్ధమాడితే, ఎన్నడూ ఆపని మిల్లును అరగంట ఆపారు. ఆ అబద్ధం ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదా అని నా మీద నాకే మండింది. అక్కడ బ్రేకర్ బాగానే ఉంది. ఆ మర్నాడు, చక్కగా చేసిన సూర్యాపేట పని మీద కూడా అనుమానమొచ్చి అక్కడికి వెళ్లాను. మూడో రోజుకి గానీ మిర్యాలగూడ వెళ్లలేదు. టెస్ట్ చేయకుండానే రాశానని సేటుకు చెప్పాను. గంటసేపు తిడతాడనుకున్నాను. పది నిమిషాలే తిట్టాడు. ఆ తర్వాత, వచ్చే అమావాస్యకు వస్తానా రానా అని అడిగాడు. ఈ చుట్టుపక్కల ఈ పని చేసేవాడు ఇంకొకడు దొరకడట. ఎలక్ట్రీషియన్‌ను పనిలోంచి తీసేయడానికి అనుమానం చాలింది, నన్ను ఉంచుకోవడానికి నేరం ఒప్పుకోవడం కూడా అడ్డు కాలేదు.

అప్పటికప్పుడు ఫోన్ చేసి ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. నేను కొత్త బ్రేకర్ బిగిస్తుండగా వచ్చాడు.

“మూడొద్దులు గొర్ల మందెంక తిరిగిన,” అన్నాడు. “పుల్ల పెట్టినవా అని మా తమ్ముడే అడిగిండు. లేదన్న. నమ్మలే. నువ్వు ఇప్పిననాడే నీకు ఎరుకైందా?”

“ఎరుకైంది అన్నా.”

“మరి మూడొద్దులు ఏడున్నవ్?”

ఎప్పుడూ సార్ అని పిలిచే మనిషి ఆ మాట ఈసారి వాడలేదు. కోదాడలో, సూర్యాపేటలో నా సంతకాలు సరిచూసుకుంటూ ఉన్నానని చెప్పాను. ఆయన తలూపాడు. టెస్ట్ పెట్టె వైర్లు నా చేతిలోంచి తీసుకుని, ఏ వైరు ఎక్కడో ఒక్కొక్కటీ అడిగి తనే తగిలించాడు. నేను పెట్టె మీట తిప్పాను. బ్రేకర్ దానంతట అది ఠప్పున పడింది.

“ఇంకోపాలి జెయ్,” అన్నాడు.

చేశాను.