అక్క గులాబీలకు గోధుమరంగు పురుగులు

"ఆ గుడ్డ మీద చెయ్యి తియ్యండి బాబాయ్, వాళ్ళకి ఊపిరాడదు!"

బస్సు గుంతలో పడ్డప్పుడు ఆసరాకి నేను పట్టుకున్నది పక్కావిడ ఒళ్ళోని సీసాని. పూలమొక్కలు పెంచే అద్దాల షెడ్డులో పనిచేస్తుందట. గుడ్డతో మూతి కట్టిన ఆ సీసాలో గులాబీ రెమ్మ, దాని నిండా సన్నటి పేనుబంక పురుగులు, మధ్యలో ఎండుటాకు ముక్కలాంటి పురుగు.

"చిమ్మట కదూ?" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

"చిమ్మటంటే అలుగుతుంది. అల్లిక రెక్కల పురుగు, గోధుమరంగు రకం. చూడండి, రెక్కలు పాక కప్పులా వాల్చింది. వాటి మీద వలలా నరాలు, సన్నటి నూగు. పచ్చరకమైతే ప్రతి గుడ్డుకీ దారంలాంటి కాడ కడుతుంది. వీళ్ళకా సోకుల్లేవు, గుడ్డుని ఆకుకే అంటించేస్తారు."

యుద్ధాల గురించి అలమార్లకొద్దీ చదివాను గాని, ఆకు కింద జరిగే యుద్ధం మీద ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తల అటూ ఇటూ ఊపుకుంటూ వేటకి బయల్దేరుతుందట. కొడవలి కోరలతో పేనుబంకని పట్టి రసం పీల్చేస్తుంది. ఒళ్ళొచ్చాక వదులుగా పట్టుగూడు అల్లుకుని పడుకుంటుంది. రెక్కలొచ్చి బయటపడ్డాకా అదే తిండి.

"ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా?"

"మా అక్క." ఆమె గొంతు తగ్గింది. "ఒకే షెడ్డులో చేసేవాళ్ళం. ఓసారి పెట్టెడు పురుగులు కదలకుండా పడుంటే, చచ్చాయనుకుని చెత్తమంటలో పోసేసింది. బెదిరితే ఇవి చచ్చినట్టు పడుంటాయని నాకు చెప్పింది తనే! నేను నలుగురిలో పకపకా నవ్వాను. మర్నాటి నుంచి అక్క పనికి రాలేదు. నాతో మాటా లేదు."

"మరిప్పుడు తన దగ్గరికేనా? రమ్మందా?"

"గులాబీలకి పేనుబంక పట్టిందని మా షెడ్డు వ్యాను డ్రైవరుతో అందట."

"నీకు చెప్పమందా?"

"చెప్పమనలేదు." సీసా మూతి గుడ్డ సర్దుతూ అంది, "చెప్పొద్దనీ అనలేదుగా బాబాయ్."

బస్సు కీచుమని ఆగింది. పురుగు కాళ్ళు ముడుచుకుని సీసా అడుగున పడింది.

"అయ్యో, పోయినట్టుంది" అన్నాను.

కిటికీ అవతల, పొట్టి గోడ వెనక గులాబీలకి ఒకావిడ డబ్బాతో నీళ్ళు పోస్తోంది, ఇటు వీపు పెట్టి. దిగాల్సిన మనిషి దిగకుండా ఆ వీపునే చూస్తూ కూర్చుంది.

"దిగేదుందా లేదా తల్లీ?" కండక్టరు కసిరాడు.

సీసాలో ఒక మీసం కదిలింది. తర్వాత ఒక కాలు.

గోడ వెనక డబ్బాలో నీళ్ళెప్పుడో అయిపోయాయి. అయినా ఆవిడ దాన్ని మొక్క మీదికి వంచే ఉంచింది.

సీసాని పొట్టకి హత్తుకుని చెల్లెలు గబగబా దిగింది. వెళ్ళొస్తానన్న మాటైనా లేకుండా గోడవైపు నడిచిపోయింది.