శనివారం రగ్బీ, ఆదివారం క్రికెట్

అమెరికాలో, పార్సిప్పనీలో ఉన్న రోజుల్లో నేను రెండు జట్లలో ఆడేవాణ్ణి. ఆదివారం మా తెలుగువాళ్ళ క్రికెట్ జట్టు. శనివారం గే రగ్బీ జట్టు. రెండో జట్టు సంగతి మొదటి జట్టులో ఎవరికీ తెలియదు. మా రూమ్మేట్‌కి కూడా జిమ్‌కి వెళ్తున్నానని చెప్పేవాణ్ణి. మోచేతులు గీరుకుపోయి ఇంటికి వస్తే, "గిదేం జిమ్‌రా, కుస్తీ పడుతున్నవా?" అని నవ్వేవాడు. వరంగల్ వాడు, మా క్రికెట్ జట్టుకు వికెట్ కీపర్. అప్పటికి రెండేళ్ళుగా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం.

రగ్బీ నాకు బొత్తిగా కొత్త. మొదటి ప్రాక్టీస్ రోజు ఎనిమిది మందిమి తలలు వంచి, ఒకరినొకరు చుట్టి పట్టుకుని, ఎదుటి ఎనిమిది మందిని నెట్టాలన్నారు. నా పక్కనున్న భారీ మనిషి, ట్రక్కు డ్రైవర్, "ఇంకా గట్టిగా పట్టుకో! నువ్వు వదిలేస్తే నా మెడ విరుగుతుంది" అని అరిచాడు. స్నేహితుల భుజం మీద చెయ్యి వేసినా ఎక్కువసేపు ఉంచకూడదని చిన్నప్పటి నుంచీ జాగ్రత్తపడినవాణ్ణి. గట్టిగా పట్టుకోలేదని తిట్లు తినడం అదే మొదలు.

ఒక శనివారం మ్యాచ్ అయ్యాక ఎవరో జట్టు ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి నన్ను ట్యాగ్ చేశారు. వెనక బ్యానర్ మీద జట్టు పేరు స్పష్టంగా కనిపిస్తోంది. నేను ఫోన్ చూసుకునేసరికి గంట దాటింది. వెంటనే ట్యాగ్ తీసేశాను. కానీ ఎవరెవరు చూశారో?

ఇంటికి వెళ్ళేసరికి రూమ్మేట్ టీవీ ముందున్నాడు. నన్ను చూసి సౌండ్ తగ్గించాడు.

"ఆ ఫోటోల ఉన్నది నువ్వేనా?"

"నేనే."

"ఉత్తగ ఆటకే పోతున్నవా? లేకుంటే నువ్వు గూడ..."

"నేను కూడా."

అతను మళ్ళీ సౌండ్ పెంచాడు.

మర్నాడు నేను లేచేసరికి నన్ను వదిలేసి గ్రౌండ్‌కి వెళ్ళిపోయాడు. మానేద్దామా అనుకున్నాను. మానేస్తే ఇక ఎప్పటికీ వెళ్ళలేనని కార్ తీశాను. పార్కింగ్‌లో నిలబడ్డ నలుగురూ నన్ను చూడగానే మాటలు ఆపేశారు. కెప్టెన్ గుంటూరు వాడు, అందరం అన్న అంటాం. నా వంక సరిగా చూడకుండానే, "వచ్చావా? రావనుకుని పదకొండు మందినీ రాసేశాం. స్కోర్ రాస్తావా?" అన్నాడు. సరేనని పుస్తకం అందుకున్నాను.

పదో ఓవర్‌లో మా బౌలర్‌కి కాలు బెణికింది. ఎదుటి జట్టు ఒప్పుకోవడంతో అన్న నా చేతికి బాల్ ఇచ్చాడు. నాలుగో బంతికి ఎడ్జ్ తగిలింది. కీపింగ్ చేస్తున్న మా రూమ్మేట్ ఎడమవైపు డైవ్ చేసి పట్టాడు. ఇదివరకు అలాంటప్పుడు పరుగెత్తుకొచ్చి నా మెడ చుట్టూ చెయ్యి వేసేవాడు. మిగతావాళ్ళందరూ ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడి మా ఇద్దర్నీ చూస్తున్నారు. అతను మెల్లగా నడిచి వచ్చి, బాల్ నా చేతిలో పెట్టి, చెవి దగ్గర అన్నాడు: "మా అమ్మోళ్ళు వచ్చే నెల వస్తున్నరు. అప్పటికి వేరే రూమ్ చూస్కో."

మిగిలిన రెండు బంతులూ ఎలా వేశానో గుర్తులేదు.

రెండు వారాల్లో ట్రక్కు డ్రైవర్ ఇంట్లో ఒక గది దొరికింది. సామాను ఎక్కించడానికి పికప్ ట్రక్ తెచ్చాడు. మా రూమ్మేట్ గదిలోంచి వచ్చి పరుపుకి రెండో వైపు పట్టుకుని మూడంతస్తులు దిగాడు. కింద ఊపిరి తీసుకుంటూ, "నాకు కోపం లేదురా. ఇంట్ల ఏం చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు.

"నా గురించి వాళ్ళకి చెప్పడానికేముందిరా?" అన్నాను. అతను పరుపుని ట్రక్‌లోకి నెట్టాడు. బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఆ సీజన్‌లో మళ్ళీ క్రికెట్‌కి వెళ్ళలేదు. ఎవరూ పిలవలేదు. వసంతం మొదట్లో అన్న దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "కొత్త జెర్సీలు ఆర్డర్ చేస్తున్నాం. నీ సైజ్ ఎంత?"

సైజ్ పంపి, శనివారం ప్రాక్టీస్ పెడితే మాత్రం కుదరదని, ఆ రోజు రగ్బీ ఉంటుందని రాశాను.