వరదలక్ష్మి ఆపిన దిద్దుబాట్లు

జార్జి టౌన్‌లో కాగితం టోకు దుకాణం పైఅంతస్తులో మా ఆఫీసు. లినక్స్ కంప్యూటర్లు అమర్చడం, వాటి కెర్నెల్‌ను, అంటే యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రామును, చూసుకోవడం మా పని. విడుదల అంకె బేసి అయితే అది ప్రయోగాలకు. సరి అయితే అది నిలకడైనది, ఖాతాదారులకు వెళ్లేది. సరి విడుదలలో ఏ దిద్దుబాటు చేరాలో తేల్చేది వరదలక్ష్మి.

ఆమె అడిగేది ఒకటే ప్రశ్న. "ఇది లేక ఎవరికి నొచ్చింది?"

ఎప్పుడైనా ఎవరికైనా నొవ్వచ్చు అంటే ఒప్పుకునేది కాదు. నేను ఫిజిక్స్ చదివినదాన్ని. తప్పు ఉందని సిద్ధాంతరీత్యా రుజువు చేసినా ఆమె కరగలేదు. "సరే, రుజువైంది. బేసిలో పెట్టుకో" అనేది.

1998లో రాయపురంలోని ఒక పిల్లల నర్సింగ్ హోమ్ నుంచి కబురు వచ్చింది. డిస్కు నిండిపోయినప్పుడు మందుల మోతాదుల ఫైలు చివరి భాగం పోతోంది. కెర్నెల్ మాత్రం అంతా రాసేశానని చెబుతోంది. మా పాప శ్రీప్రియకు అప్పటికి ఏడాది నిండలేదు. దాని మందులన్నీ అక్కడే.

యజమాని యతిరాజులు నాయుడి మేనల్లుడు విఘ్నేష్ దిద్దుబాటు రాశాడు. పనిలో పనిగా డిస్కు వేగం పెంచే కొత్త భాగాన్నీ అందులో కలిపాడు. హార్బరు నుంచి షిప్పింగ్ కంపెనీవాళ్లు మర్నాడు మా సరుకు చూడటానికి వస్తున్నారు. నాయుడికి ఆ వేగం తెగ నచ్చింది.

వరదలక్ష్మి మోతాదుల తప్పును సరిచేసే నాలుగు లైన్లు ఉంచి మిగతాదంతా తీసేసింది.

"ఏందమ్మా వరదా, ఈడ కోసి ఆడ కోసి. అంతా ఒగటే గదా?" అన్నాడు నాయుడు.

"పాపకు జరమని పోతే డాక్టరు మందిస్తాడు. పన్లో పనిగా చెవులు కుట్టి పంపిస్తే ఊరుకుంటారా సార్?"

"వేగం మంచిదే గదా?"

"మంచిదే. కొన్నాళ్లు బేసిలో పరిగెత్తనీండి."

నాకు ఓపిక చాల్లేదు. "ఏదో ఒకటి పంపించెయ్యక్కా. పిల్లలు ఉండారు ఆడ."

"అందుకేగా కోసింది" అంది నా వైపు చూడకుండానే.

"కంపెనీ నాది. అంతా పోవాల. లేదంటే రేపట్నించి నువ్వు రావద్దు" అన్నాడు నాయుడు ఆమెతో.

ఆయన చూస్తుండగానే ఆమె ఆ నాలుగు లైన్లతోనే విడుదల సిద్ధం చేసి, ఫ్లాపీలో వేసి నా చేతికిచ్చింది. "ఎక్కించి రా. డిస్కు నిండా నింపి చూడు."

బస్సెక్కి రాయపురం వెళ్లాను. కొత్త కెర్నెల్ ఎక్కించి డిస్కు నింపాను. ఈసారి కెర్నెల్ చోటు లేదని నిజం ఒప్పుకుంది.

మర్నాడు వరదలక్ష్మి ఎప్పటిలాగే వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"రావద్దన్నా గదా?" అన్నాడు నాయుడు గుమ్మంలోంచి.

"సక్రమంగా నడిచేదాన్ని తీసెయ్యాలంటే కారణం కావాల సార్. నా వల్ల ఎవరికి నొచ్చింది?"

"నాకే."

"ఏడ?"

విఘ్నేష్ నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. నాయుడు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "షిప్పింగోళ్లకు ఏం చూపించేది ఇప్పుడు?"

"బేసి చూపించండి. బేసి అని చెప్పి చూపించండి."

ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమె తర్వాతి దిద్దుబాటు తెరిచింది. అది నాది. నా కాఫీ చల్లారకముందే, బేసిలో పెట్టుకోమన్న మాటతో వెనక్కి వచ్చింది.