పోయిరా

సాయుధ పోరాటపు రోజులవి. మానుకోట స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. నా పక్కన ఒక అవ్వ. దళంలో ఉన్నాడని ఆమె కొడుకును పొద్దున పోలీసులు పట్టుకుని రైలెక్కించారట. ఆమె అక్కణ్ణించి కదలడం లేదు.

ఒక సిపాయి వచ్చి, ఆమె ముందు కర్ర ఊపుతూ "జావ్" అన్నాడు.

"ఏమంటుండు బిడ్డా?" అని నన్నడిగింది.

"పొమ్మంటుండు అవ్వా."

"వట్టిగ పో అంటరా ఎవలన్న? పగోన్ని గూడ పోయిరా అనే అంటం."

సిపాయి మళ్లీ అదే మాట అని వెళ్లిపోయాడు.

"నా కొడుకు రైలెక్కంగ పోయిరా బిడ్డా అన్న. మరి రావాలె గద" అంది.

ఇంతలో నా రైలొచ్చింది. "పోయొస్త అవ్వా" అన్నాను. అలవాటుగా వచ్చిన మాట. మళ్లీ ఆ దారిన వచ్చే పనేమీ లేదు నాకు.

ఆమె నా మొహం గుర్తుపెట్టుకునేటట్టు చూసి, "జల్ది రా బిడ్డా" అంది.